నరసక్క పాయె

లక్ష్మీనరసమ్మ అబద్ధాలాడే మనిషి కాదు. ధర్మవరంలో ఆమె పని పట్టు పోగులు అతకడం. మగ్గం మీద పాత పోగులు అయిపోవచ్చి కొత్తవి ఎక్కించేటప్పుడు, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను వేళ్లతో మెలిపెట్టి కలపాలి. వేల పోగులు. ఒక్కటి తప్పినా చీర పొడుగునా గీత పడి కూర్చుంటుంది. అట్లాంటి పని ఇరవై ఏళ్లు చేసిన మనిషికి ఒకరిని మోసం చేసే తీరిక ఎక్కడిది? అయినా ఆడింది. ఒకటి ఇంట్లో, ఒకటి గార్లదిన్నెలో. ఇంట్లో ఆడినదానివల్ల ఎవరికీ ఏ చెరుపూ జరగలేదు. గార్లదిన్నెలో ఆడింది మాత్రం ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది.

ఇంట్లో ఆడింది ఇది. మొగుడు గంగాధరప్ప మగ్గం గుంతలో కూర్చుని ఉండగా పోయి, "గార్లదిన్నె నించి పుట్టపర్తి దాకా నడిచొస్తానని మొక్కుకున్న్యా. నాలుగు దినాలు పడ్తాది" అంది. గంగాధరప్ప తలెత్తలేదు. "ఎండ జాస్తి ఉండాది, గొడుగు తీసకపో" అన్నాడు. అంతే. ఏంటికి మొక్కుకున్నావు, ఎవరితో పోతాండావు అని ఒక్క మాట లేదు. అడిగితే ఏం చెప్పాలో రెండు రోజులు ఆలోచించి పెట్టుకుంది పాపం. ఆ జవాబులన్నీ అట్లే మిగిలిపోయాయి.

మొక్కూ లేదు, ముడుపూ లేదు. అది రొమ్ము క్యాన్సర్ నడక. ఎవరో దాతలు కిలోమీటరుకింత అని ఇస్తారు, ఆ డబ్బుతో పల్లెపల్లెకూ తిరిగే పరీక్ష బండి కొంటారు. ఆస్పత్రిలో చెకప్పుకు పోయినప్పుడు నర్సమ్మ కాగితం చేతిలో పెట్టింది. లక్ష్మీనరసమ్మకు ఎడమ రొమ్ము తీసేసి పదకొండు నెలలు. ఆ కాగితంలో పరీక్ష బండి గురించి ఏం రాశారో ఆమె సరిగ్గా చదవనైనా లేదు. వందమంది కలిసి నడుస్తారు అన్న మాట దగ్గరే ఆమె చూపు ఆగిపోయింది. తనను ఎరగని మనుషుల మధ్య నాలుగు రోజులు ఉండొచ్చు కదా అనిపించింది.

గంగాధరప్ప చెడ్డవాడు కాడు. ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే మీరు తొందరపడి తిట్టేస్తారు. ఆస్పత్రిలో సర్కారు ఉచిత వైద్యం కార్డు పట్టుకుని గంటలు గంటలు వరసలో నిలబడ్డాడు. మందులిచ్చినప్పుడల్లా ఆమె వాంతి చేసుకుంటే బకెట్టు ఎత్తాడు. జుట్టు రాలితే ఒక్క మాట అనకుండా ఊడ్చి పారేశాడు. కానీ కట్టు విప్పిన రోజు డాక్టరమ్మ "చూడండి, బాగా మానింది" అంటే కిటికీ వైపు తిరిగాడు చూడండి, ఆ తిరిగినవాడు మళ్లీ ఇటు తిరగలేదు. ఇంటికొచ్చిన వారానికి చాప తీసుకుపోయి మగ్గం గదిలో వేసుకున్నాడు. అర్జెంటు చీర ఉండాది అన్నాడు. పదకొండు నెలలు నేసే చీర ఏ దేశంలో ఉంటుందో నాకు తెలియదు.

వీధిలోవాళ్లు ఇంకో రకం. "ఆ జబ్బు" అంటారు గానీ దాని పేరెత్తరు, ఎత్తితే నాలుక మీదికి దూకుతుందన్నట్టు. ఎదురింటి తిరుపాలమ్మ ఇరవై ఏళ్లుగా అడగా పెట్టకుండా కరివేపాకు తుంచుకుపోయేది. ఇప్పుడు బజారులో కొంటోంది. శ్రావణమాసంలో పేరంటానికి వీధంతా బొట్టు పెట్టి పిలుచుకుంటూ వచ్చినామె, ఈ గడప ముందుకు వచ్చేసరికి కుంకుమ భరిణె మూతపెట్టి పక్కింటికి నడిచింది. లక్ష్మీనరసమ్మ ముఖం కడుక్కుని, వాకిట్లోనే నిలబడి ఉంది అప్పుడు.

అట్లా బయలుదేరి వచ్చింది గార్లదిన్నెకు. హైవే పక్కన స్కూలు ఆవరణలో షామియానా వేశారు. బ్యాంకుల్లో చేసేవాళ్లు, కాలేజీ పిల్లలు, డాక్టర్లు, బెంగళూరు నుంచి కార్లలో దిగిన ఆడవాళ్లు, అందరికీ గులాబీ రంగు టోపీలు. లక్ష్మీనరసమ్మ చెయ్యి అలవాటుగా ఆ టోపీ గుడ్డను తడిమి చూసింది. రాణీ కలరూ కాదు, ఉల్లిపొర రంగూ కాదు, రెండు ఉతుకులకు వెలిసిపోయే సరుకు అనుకుంది.

బల్ల దగ్గర గౌతమి అనే అమ్మాయి కూర్చుని ఉంది. హైదరాబాదు పిల్ల, నడక పెత్తనమంతా ఆమెదే. ఒక గుడ్డ పట్టీ తీసి మార్కరు పట్టుకుంది. పట్టీ మీద కొంత ఖాళీ వదిలి, "కోసం నడుస్తున్నాను" అని అచ్చేసి ఉంది.

"ఎవరి కోసం నడుస్తున్నారమ్మా?"

"నాకోసమే" అనాలి. నోటిదాకా వచ్చింది కూడా. వెనక వరసలో ముగ్గురు మగవాళ్లు నిలబడి ఉన్నారు. చెప్పగానే వాళ్ల చూపు ఎట్లా పోతుందో ఆమెకు తెలుసు. ముందు ముఖం మీదికి, తర్వాత పైట మీదికి, తర్వాత నేల మీదికి. పదకొండు నెలలుగా చూస్తున్నదే.

"మా పక్కింటామె కోసరమమ్మా" అంది. "నరసక్క అని."

నరసక్క అంటే ఎవరో కాదు. ఆధార్ కార్డులో లక్ష్మీనరసమ్మ, వీధిలో నరసక్క. ఆ పిల్లకు ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది? పేరు రాసుకుని అడిగింది. "ఇప్పుడెలా ఉన్నారు?"

లక్ష్మీనరసమ్మకు డాక్టరమ్మ అన్న మాట గుర్తొచ్చింది. జబ్బు పోయిందమ్మా, ఇక ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకుంటే చాలు, అని.

"పాయెలేమ్మా" అంది. "ఆర్నెల్లాయె."

కొంప మునిగింది ఇక్కడే. మా సీమలో కరెంటు పాయె అంటాం, బస్సు పాయె అంటాం, నొప్పి పాయె అంటాం, మనిషి పాయె అంటాం. అన్నిటికీ అదొకటే మాట. పోయింది జబ్బని ఈమె చెప్పింది. పోయింది మనిషని ఆ పిల్ల విన్నది. గౌతమి కుర్చీలోంచి లేచి, ఈమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, "అయ్యో, సారీ అమ్మా" అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పట్టీ పక్కన తెల్ల రిబ్బను గుచ్చింది. మిగతావాళ్లందరికీ గులాబీ రిబ్బన్లు. అవి అయిపోయాయి కాబోలు అనుకుంది లక్ష్మీనరసమ్మ. ఆ పిల్ల చేతులు వెచ్చగా ఉన్నాయి. ఎవరైనా తన చేతులు పట్టుకుని ఎన్నాళ్లయిందో! అందుకే ఇంకేమీ అడగలేదు.

మొదటి రోజు నడక అనంతపురం దాకా. జూలైలో ఒక వాన పడింది, మళ్లీ మేఘం ఇటు తొంగి చూడలేదు. దారికి రెండు పక్కలా శనక్కాయ చేలు జానెడెత్తున ఎండి, మట్టితో కలిసిపోయి ఉన్నాయి. నడుస్తున్న గుంపును చూసి గొర్రెల కాపరి నల్లప్ప అనే ముసలాయన రోడ్డు మీదికి వచ్చాడు.

"ఏమప్పా, ఏ పార్టీ మీది?"

"పార్టీ కాదు తాతా, క్యాన్సర్" అన్నాడొక కాలేజీ పిల్లవాడు.

"దానికి గుడక పార్టీ పెట్టినారా!" అని నోరు తెరిచాడు నల్లప్ప. "ఎవురికో ఒగరికి ఓటేస్తాం గానీ, ముందు వాన తెప్పీండప్పా!"

అందరూ నవ్వారు. లక్ష్మీనరసమ్మ కూడా నవ్వింది. తన నవ్వు తన చెవులకే కొత్తగా వినబడి, చటుక్కున ఆపేసింది.

పుష్పావతి కలిసింది ఆ నవ్వు దగ్గరే. నల్లమాడ మనిషి. ముప్పై రెండు, ముప్పై మూడేళ్లుంటాయి. మొగుడు తిప్పేష్ ఆటో తోలుతాడు, ఇద్దరు పిల్లలు. కార్లలో వచ్చిన ఆడవాళ్లతో కలవలేక వెనక వెనక నడుస్తూ, తన మాదిరి చెప్పులు, తన మాదిరి చీర కనబడేసరికి వచ్చి పక్కన చేరింది. ఆమె పట్టీ మీద పేరు రాసి లేదు. "తర్వాత రాపిస్తాలే" అంది.

కొంత దూరం నడిచాక పుష్పావతి తెల్ల రిబ్బను వైపు చూసి, "నరసక్క అంటే నీకేమైతాదక్కా?" అంది.

"పక్కింటామె."

"పాపం. తెల్లది సచ్చిపోయినోళ్లకంట గదా. ఆ గౌతమమ్మ చెప్పింది."

లక్ష్మీనరసమ్మ నడక ఆగిపోయింది. అప్పుడు తెలిసింది ఆమెకు, తను పొద్దున ఏం చెప్పి వచ్చిందో. నవ్వాలో ఏడవాలో తోచలేదు. కాదమ్మా, పోయింది జబ్బు, మనిషి బతికే ఉంది అని చెప్పేస్తే అయిపోయేది. చెప్పేదే. ఇంతలో పుష్పావతి ఆమె మోచెయ్యి పట్టుకుని, "ఎట్లాంటి మనిషక్కా ఆమె?" అని అడిగింది.

ఎట్లాంటి మనిషి! నలభై ఏడేళ్లలో ఆ ప్రశ్న ఎవరైనా అడిగారా? చీర ఎప్పటికైతాది అని అడిగారు, కూరేం చేసినావు అని అడిగారు. జబ్బు వచ్చాక ఎంత ఖర్చయింది అని అడిగారు. దాహంతో ఉన్నవాడి ముందు చెంబు పెట్టి తాగొద్దంటే ఆగుతాడా?

"మంచి మనిషే" అంది. "కోపం జాస్తి. పోగు అతికిందంటే మళ్లా ఊడేదే లేదు."

అంతే, మొదలైంది. ఆ పూటా, మర్నాడు రాప్తాడు దాటి మరూరు వైపు నడిచినంతసేపూ నరసక్క కథే. నరసక్కకు ఊరగాయలంటే ప్రాణం. నరసక్క కొత్త సినిమా వస్తే మొదటి ఆటకే పోయేది. నరసక్కకు స్నానం చేస్తుంటే గడ్డ తగిలింది, నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఆపరేషన్ చేశారు. మొగుడు చాప తీసి మగ్గం గదిలో వేసుకున్నాడు. పేరంటానికి పిలవకుండా కుంకుమ భరిణె మూతేసుకుని పోయారు. తన గురించి ఒక్క ముక్క ఎవరికీ చెప్పుకోలేని మనిషి నరసక్క గురించి గంటలు గంటలు చెప్పింది. వింటూ వింటూ ఒక బ్యాంకు ఆఫీసరమ్మ కళ్లు తుడుచుకుంది. ఒక డాక్టరు భార్య "ఆ మొగుడు మనిషేనా!" అని మండిపడింది. లక్ష్మీనరసమ్మకు గంగాధరప్ప మీద జాలేసింది, తన మీద ఇంకా ఎక్కువ జాలేసింది, ఆ జాలి కమ్మగా ఉంది. నిజం చెబుతున్నాను, దాచడమెందుకు? చచ్చిపోయాక మనిషికి దొరికే మర్యాద బతికుండగా దొరికితే ఎవరు వద్దంటారు?

ఆ సాయంత్రం గంగాధరప్ప ఫోను చేశాడు.

"మాత్రలు మింగినావా?"

"మింగినా."

"సరే." పెట్టేశాడు. నాలుగు రోజుల్లో వచ్చిన ఫోను అదొక్కటే. ఆమె ఫోనును కాసేపు చెవి దగ్గరే పెట్టుకుని, అవతల ఎవరూ లేకపోయినా "నేను బాగనే ఉండా" అంది.

మూడోరోజు మధ్యాహ్నం చెన్నేకొత్తపల్లి దగ్గర చింతచెట్టు కింద అన్నాల బండి ఆగింది. దూరాన గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. పుష్పావతి చిత్రాన్నం పొట్లం విప్పి, రెండు ముద్దలు తిని పక్కన పెట్టేసింది.

"అక్కా, రేపు పుట్టపర్తికి పోతానే నేను నల్లమాడ బస్సెక్కి ఇంటికి పోతా. వచ్చే బేస్తవారం అనంతపురానికి పోను."

"బేస్తారం అనంతపురంలో ఏముండాది?"

పుష్పావతి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "నాకి ఆపరేషన్ అక్కా. ఈడ గడ్డ ఉండాది. సూదేసి పరీక్ష చేసినారు, అదేనంట. కోసి తీసేస్తే బతుకుతావు అంటాండారు. మా ఆయనేమో నీ ఇష్టం అంటాడు. ఆడ కోయించుకున్నోళ్లు వస్తారు, నీ కండ్లతో నువ్వు సూసుకో పో అని మా ఊరి ఆశా వర్కరమ్మ ఈడికి పంపిచ్చింది. సూసినా. ఆ కార్లోళ్లు బతికినారు. వాళ్లకి దుడ్లుండాయి, బెంగళూరు ఉండాది. మనట్లాంటోళ్లు బతుకుతారా అనేదే నాకి కావల్ల. నువ్వు చెప్తివి గదా. నరసక్క మా మాదిరి మనిషే. కార్డు మీదనే చేయించుకున్న్యాది. కోయించుకున్న్యాది, జుట్టు పాయె, మొగుడు పాయె, ఆకరికి ఆమె గుడక పాయె. ఇంక నాకేంటికి ఆ కోత? ఉన్నన్నాళ్లు నా పిల్లోళ్ల కాడ ఉంటా."

లక్ష్మీనరసమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. రెండు రోజులు తను చప్పరించిన జాలి అంతా ఈ పిల్ల మెడకు ఉరితాడై కూర్చుంది.

"అట్లనొద్దు పుష్పా" అంది గాబరాగా. "నరసక్క ఆపరేషన్‌తో పోలేదు. జ్వరమొచ్చి పాయె."

"ఏం జ్వరం?"

"ఏమో... డెంగీ అన్నారు."

"నిన్న ఆ జబ్బే మళ్లా తిరగబెట్టిందని ఆ బ్యాంకామె అంటాంటే ఊకొట్టితివి గదక్కా?"

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ధర్మవరంలో ఆమె అతికిన పోగు ఇంతవరకూ విడిపోలేదు. ఈ ఒక్క అబద్ధం ఎంత మెలిపెట్టినా అతకలేదు. "నేనే నరసక్క" అని రెండు మాటలు అనేస్తే తీరిపోయేది కదా అంటారు మీరు. అనడం సులువే, కూర్చుని కథ వినేవాళ్లకు. చాప సంగతి, కుంకుమ సంగతి, ఒంటి మీద మచ్చ చూసుకోలేక అద్దానికి గుడ్డ కప్పిన సంగతి, అన్నీ ఆ గుంపులో ప్రతి నోటా నానుతున్నాయి. నరసక్క చచ్చింది గనుక చెప్పగలిగింది. ఇప్పుడు ఆమె బతికొస్తే ఆ గుట్టంతా లక్ష్మీనరసమ్మ నెత్తిన పడుతుంది. వాళ్ల కన్నీళ్లను దొంగిలించిందని కూడా అంటారు. ఆమె పొట్లం మడిచి లేచింది.

చేతనైంది చేసింది. సాయంత్రం గౌతమిని పక్కకు పిలిచి, పుష్పావతి సంగతి చెప్పి, "నువ్వు సదువుకున్నదానివి, చెప్పమ్మా" అంది. గౌతమి పుష్పావతిని కూర్చోబెట్టుకుని, నూటికి ఇంతమంది బతుకుతారు అని లెక్కలతో, చల్లగా, ఓపిగ్గా చెప్పింది. పుష్పావతి అన్నిటికీ తలూపింది. వచ్చి లక్ష్మీనరసమ్మ పక్కన కాకుండా ఇంకెక్కడో పడుకుంది.

నాలుగోరోజు మధ్యాహ్నం దాటాక పుట్టపర్తి చేరారు. మైదానంలో వేదిక, వరసగా కుర్చీలు, మజ్జిగ క్యాన్లు. పాదాలు బొబ్బలెక్కిన జనం కుర్చీల్లో కూలబడ్డారు. పుష్పావతి చివరి వరసలో సంచి ఒళ్లో పెట్టుకుని, బస్సు టైము అడుగుతూ కూర్చుంది. ఉపన్యాసాలయ్యాయి. గౌతమి మైకు తీసుకుంది.

"ఇప్పుడు మనతో లేని మన అక్కచెల్లెళ్ల పేర్లు చదువుతాను. అందరం లేచి ఒక్క నిమిషం మౌనం పాటిద్దాం."

తొమ్మిది పేర్లు చదివింది. ఏడోది "ధర్మవరం నరసక్క".

కుర్చీలన్నీ ఒక్కసారి చప్పుడు చేశాయి. అందరూ లేచి తలలు వంచారు. లక్ష్మీనరసమ్మ కూడా లేచింది. పక్కన బ్యాంకు ఆఫీసరమ్మ పెదవులు వణుకుతున్నాయి. ఏనాడూ నరసక్క ముఖం చూడని మనుషులు నరసక్క కోసం నిలబడి ఉన్నారు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు ఆటో దిగుతుంటే వీధిలో ఒక్క తలుపు తెరుచుకోలేదు. ఇక్కడ ఇంతమంది. లక్ష్మీనరసమ్మకు ఆ నిమిషం అయిపోకూడదనిపించింది. అట్లా నిలబడే ఉండనీ, నన్ను తలుచుకునే ఉండనీ అనుకుంది. తను నిజంగా పోయినా ఇంతకంటే ఎవరు ఏడుస్తారు?

తల తిప్పి చివరి వరస చూసింది. పుష్పావతి తల వంచలేదు. సంచి గుండెలకు అదుముకుని, కళ్లు పెద్దవి చేసుకుని వేదిక వైపు చూస్తోంది. తొమ్మిది పేర్ల తర్వాత పదో పేరు ఎవరిదని చూస్తున్న చూపు అది.

"అమ్మా!" అంది లక్ష్మీనరసమ్మ. మళ్లీ గట్టిగా అరిచింది. "అమ్మా గౌతమీ! నరసక్క సావలేదమ్మా! నేనే నరసక్క! జబ్బు పాయె అంటి గానీ మనిషి పాయె అనలేదు నేను!"

నిమిషం కాస్తా మధ్యలో తెగిపోయింది. ఎవరో నవ్వారు. ఎవరో "ఏమిటట?" అన్నారు. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. గౌతమి పరుగెత్తుకొచ్చి వాటేసుకుంది, వేదిక ఎక్కించింది, శాలువా కప్పింది. ఫోన్లన్నీ పైకి లేచాయి. "మన మధ్యనే ఒక విజేత!" అంటోంది మైకు. బ్యాంకు ఆఫీసరమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. ముఖం పక్కకు తిప్పుకుంది. ఆమెనేం తప్పు పడతాం, ఏడ్చిన ఏడుపు వెనక్కి తీసుకోలేదు కదా. ఆ చప్పట్ల మధ్య లక్ష్మీనరసమ్మ ఎప్పుడూ లేనంత ఒంటరిగా నిలబడింది. వాళ్లు చూస్తున్నది శాలువాను. ఆమె చూస్తున్నది చివరి వరసలో ఖాళీ అయిన కుర్చీని.

శాలువా అక్కడే పడేసి, మెట్లు దిగి, బస్టాండు దారి పట్టింది. నాలుగు రోజులు నడిచిన కాళ్లు. ఆ దూరం ఎట్లా పరుగెత్తిందో ఆమెకే తెలియదు. నల్లమాడ మీదుగా కదిరి పోయే బస్సు ఆగి ఉంది. పుష్పావతి ఎక్కబోతూ కనబడింది.

"పుష్పా! ఆగమ్మా! ఇనబడలేదా నేను చెప్పింది? నేనే నరసక్క. బతికే ఉండా!"

పుష్పావతి వెనక్కి తిరిగింది. ముఖంలో సంతోషం లేదు.

"నువ్వు గుడకనా అక్కా? ఆ గౌతమమ్మకి నా ఇసయం చెప్పింది నువ్వే గదా. ఇట్ల చెప్పు, ఆ పిల్ల దారికొస్తాది అని నీకి నేర్పించినారు. నిన్న డెంగీ అంటివి. ఈ పొద్దు బతికే ఉండా అంటాండావు. రేపేం చెప్తావో! నాటకాలు సాలక్కా. నన్ను పోనీ."

ఒక్క మాట కూడా తప్పు లేదు దాంట్లో. మూడు రోజులు ఈమె చెప్పిన అబద్ధం నమ్మిన పిల్ల, ఈమె చెప్పిన మొదటి నిజం నమ్మడం లేదు. ఇంక నోటితో అయ్యే పని కాదని లక్ష్మీనరసమ్మకు అర్థమైంది. పుష్పావతి చెయ్యి పట్టుకుని గుంజింది. బస్టాండు వెనక ఆడవాళ్ల బాత్రూముల గోడ చాటుకు లాక్కుపోయింది. "ఏందక్కా ఇది, బస్సు ఎళ్లిపోతాది!" అంటోంది ఆ పిల్ల.

లక్ష్మీనరసమ్మ అటూ ఇటూ చూడలేదు. పైట తీసి రవిక హుక్కులు విప్పింది. ఎడమ పక్కన తను కుట్టుకున్న మెత్తటి గుడ్డ తిత్తి తీసి చేతిలో పట్టుకుంది. లోపల అతుకుల్లో మిగిలిన పట్టు పోగు ముక్కలు కూరి ఉన్నాయి. చంక కిందినుంచి ఎదురొమ్ము మధ్యదాకా అడ్డంగా గీత, పక్కన రేడియేషన్ కరెంటు పెట్టిన చోట కమిలి నల్లబడిన చర్మం. పగటి వెలుతురులో తనే ఎప్పుడూ చూసుకోలేదు దాన్ని. పుష్పావతి కిటికీ వైపు తిరిగే వీలు లేదు, అక్కడ కిటికీ లేదు. కానీ నేల చూపులు చూడొచ్చు, కళ్లు మూసుకోవచ్చు, పారిపోవచ్చు. లక్ష్మీనరసమ్మ పళ్లు బిగించి ఎదురుచూసింది.

పుష్పావతి చూసింది. గీత ఈ కొసనుంచి ఆ కొసదాకా తాపీగా చూసింది. దగ్గరికొచ్చి, వంగి మళ్లీ చూసింది. బజారులో చీర కొనేటప్పుడు అంచు పట్టుకుని చూసినట్టే చూసింది. తర్వాత ఒక వేలు చాపి, ఆనించాలా వద్దా అని కాసేపు గాలిలోనే ఉంచి, మెల్లగా ఆనించింది.

"నొప్పి ఉండాదా అక్కా?" అంది.

లక్ష్మీనరసమ్మ "లేదు" అనబోయింది. డాక్టరమ్మకూ, నర్సుకూ చెప్పే జవాబు అదే. మొగుడు అడగలేదు, అడిగినా అదే చెప్పేది.

"ఉండాదమ్మా" అంది. "చెయ్యి పైకెత్తితే గుంజుతాది. ఒగోసారి ల్యాని రొమ్ములో నొప్పి పుడ్తాది. శానా ఉండాది పుష్పా." అంటూ అంటూనే గోడకు జారగిలబడి, ఉన్నపళంగా నేల మీద కూర్చుని, చిన్నపిల్ల మాదిరి బావురుమంది. పదకొండు నెలల ఏడుపు. ఆపరేషన్ బల్ల మీద ఏడవలేదు, జుట్టు రాలినప్పుడు ఏడవలేదు, నరసక్క చచ్చిందని అందరూ ఏడుస్తుంటే కూడా ఏడవలేదు. బాత్రూముల గోడ కింద కంపులో కూర్చుని ఏడ్చింది.

అవతల కండక్టరు "నల్లమాడ, కదిరి! నల్లమాడ, కదిరి!" అని అరుస్తున్నాడు. హారను రెండుసార్లు కొట్టాడు. పుష్పావతి కదల్లేదు. సంచి కింద పెట్టి, పక్కన కూలబడి, ఆమె ఏడుపు ఒక కొలిక్కి వచ్చేదాకా ఆగి, రవిక హుక్కులు ఒక్కొక్కటే తనే పెట్టింది. ఎడమ చెయ్యి పైకి లేవకుండా జాగ్రత్తగా పెట్టింది. బస్సు బయలుదేరిన చప్పుడు ఇద్దరికీ వినబడింది.

"ఆ మొగుని సంగతి?" అంది పుష్పావతి కాసేపటికి. "చాప తీసకపోయింది?"

"అదీ నిజమే."

"ఇప్పటికీనా?"

"ఇప్పటికీ."

పుష్పావతికి ఇంట్లో తిప్పేష్ గుర్తొచ్చి ఉంటాడు, నీ ఇష్టం అన్న మాట గుర్తొచ్చి ఉంటుంది. నిజం దాచి చెప్పే ఓదార్పు లక్ష్మీనరసమ్మ దగ్గర మిగల్లేదు. ఉన్నది ఉన్నట్టు అక్కడే ఇద్దరి మధ్యా ఉంది.

"అయినా బతికినావు" అంది పుష్పావతి.

"బతికినా."

"బేస్తారం పొద్దున ఆరుకల్లా రమ్మన్యారు. నువ్వు వస్తావా నాతో?"

"వస్తా."

"వచ్చేది కాదు. వాళ్లు తీసకపోయేదాకా నా పక్కనే ఉండల్ల. బయటికి తెచ్చినాక గుడక."

"ఉంటా."

"అయితే మొదట్నుంచి చెప్పు. ఏం దాచొద్దు. డెంగీలు గింగీలు వద్దు." కళ్లు తుడుచుకుని, గోడకు ఆనుకుని సర్దుకుని కూర్చుంది. "మత్తు దిగినాక మొట్టమొదట ఏమైతాది?"

లక్ష్మీనరసమ్మ పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. నరసక్కకు, అని నాలుక కొస మీదికి వచ్చింది. మింగేసింది.

"నాకి" అంది, "మొట్టమొదట శానా దాహమైంది."